హెడ్‌స్పేస్: ఇత్తడి కేసు ఎందుకు సాగుతుంది, డైని ఎంత తిప్పాలి

కాల్చాక రైఫిల్ బోల్ట్ (ఛాంబర్‌ని వెనకనుంచి మూసే కడ్డీ) వెనక్కి లాగితే కేసు, అంటే తూటా ఇత్తడి గొట్టం, మొత్తం రావాలి. ఆ రోజు నాకు చొక్కా గుండీ అంత ముక్క మాత్రమే వచ్చింది. మందుని అంటించే ప్రైమర్ ఉన్న అడుగుభాగం అది. మిగతా గొట్టం బారెల్ వెనక తూటా కూర్చునే ఛాంబర్‌లోనే ఇరుక్కుపోయింది. వేడి గ్యాసు చెంపకు కాస్త తగిలింది. కళ్ళకు అద్దాలు ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. మొదటి అనుమానం రైఫిల్ మీదికే పోయింది. ఛాంబర్ అరిగిపోయిందేమోనని గేజ్‌లు (ఛాంబర్‌ని కొలిచే ఉక్కు ముక్కలు) పెట్టించి చూస్తే అది శుభ్రంగా లెక్కలోనే ఉంది. తప్పంతా నేను కాల్చిన కేసుల్ని మళ్ళీ నింపుకునే (రీలోడింగ్) బల్ల మీదే జరిగింది. డై అంటే కాల్చిన కేసుని లోపలికి తోసి మళ్ళీ సైజుకి నొక్కే అచ్చు. దానితో పాటు వచ్చిన కాగితంలో ఉన్నట్టే తిప్పి, కేసు భుజాన్ని (ఒళ్ళు సన్నబడి మెడగా మారే ఏటవాలు భాగాన్ని) ప్రతిసారీ అవసరానికి మించి వెనక్కి నొక్కుతూ వచ్చాను. ఎంతో తెలుసా? 9 థౌ.

థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.0254 మి.మీ. ఈ పనిలో లెక్కలన్నీ దానిలోనే నడుస్తాయి కాబట్టి నేనూ అదే వాడతాను. ఇకపోతే, మీరున్న చోట రీలోడింగ్‌కి చట్టం ఒప్పుకుంటుందా, ఏ లైసెన్సు కావాలి అన్నది ముందే తేల్చుకోండి. మందు (గన్‌పౌడర్) ఎంత పొయ్యాలన్నది ఇక్కడ చెప్పను. దానికి అచ్చైన రీలోడింగ్ మాన్యువల్ పట్టికలు తప్ప వేరే దారి లేదు.

హెడ్‌స్పేస్ వేరు, సందు వేరు

హెడ్‌స్పేస్ అనేది రైఫిల్ కొలత. బోల్ట్ ముఖం నుంచి, తూటా ఇంకా ముందుకు పోకుండా ఛాంబర్‌లో ఎక్కడ ఆగుతుందో అక్కడి దాకా ఉన్న దూరం. గన్‌స్మిత్ బారెల్ బిగించినప్పుడే అది ఖాయమవుతుంది.

ఆ దూరంలోంచి మన తూటాకి ఉన్న అదే కొలత తీసేస్తే మిగిలేది హెడ్ క్లియరెన్స్. నేను దాన్ని సందు అంటాను. రైఫిల్ ఎంత చక్కనిదైనా, కేసు భుజాన్ని మీరు ఎక్కువ వెనక్కి నొక్కితే సందు పెరుగుతుంది. 'నా రైఫిల్‌లో హెడ్‌స్పేస్ ఎక్కువైంది' అని వాపోయేవాళ్ళలో చాలామంది నిజానికి ఆ సందుని డైతో తామే తయారు చేసుకున్నవాళ్ళు. నేనూ ఆ బాపతే.

తూటా ఎక్కడ ఆగుతుందన్నది దాని ఆకారాన్ని బట్టి ఉంటుంది. .308 విన్‌చెస్టర్, .223 రెమింగ్టన్, .30-06 లాంటివి భుజం మీద ఆగుతాయి. భుజం ఏటవాలుగా ఉంటుంది కనుక దాని మీద ఒక నిర్ణీత వ్యాసం ఉన్న గీతను ఊహించుకుని అక్కడి దాకా కొలుస్తారు. .308కి ఆ వ్యాసం 0.400 అంగుళం. .303 బ్రిటిష్, .30-30, 7.62×54ఆర్ లాంటివి అడుగున ఉన్న అంచు మీద ఆగుతాయి. .300 విన్‌చెస్టర్ మాగ్నం, 7 మి.మీ. రెమింగ్టన్ మాగ్నం లాంటివి బెల్టు (అడుగు దగ్గర చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే పట్టీ) మీద. .30 కార్బైన్‌కి, చాలా పిస్టల్ తూటాలకి కేసు మూతే ఆధారం.

ట్రిగ్గర్ నొక్కాక లోపల జరిగేది

ఇది అర్థమైతే మిగతా పనులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

ఫైరింగ్ పిన్ కొట్టగానే తూటా మొత్తం ముందుకు జరిగి భుజం ఆనేదాకా పోతుంది. అంటే ఉన్న సందంతా ఇప్పుడు వెనక, కేసు అడుగుకీ బోల్ట్ ముఖానికీ మధ్యకి చేరింది. మందు అంటుకుని పీడనం లేవడం మొదలవగానే కేసు ముందు భాగం, అంటే పలచగా ఉన్న గోడ, ఉబ్బి ఛాంబర్‌కి అతుక్కుపోతుంది. అడుగుభాగం దిట్టమైన ఇత్తడి, అది అంత సులువుగా ఉబ్బదు. ముందు గోడ పట్టుకుని కదలనంటుంది, వెనక అడుగుని పీడనం బోల్ట్ వైపు తోస్తుంది. రెండింటి మధ్య, దిట్టం భాగం ముగిసి పలచటి గోడ మొదలయ్యే చోట, ఇత్తడి సాగుతుంది. సందు ఎంతుంటే దాదాపు అంత.

కేసు ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు. బాగా సాగే గుణం ఉన్నదే. 1 లేదా 2 థౌ సాగితే దానికి లెక్కే కాదు. ప్రతి కాల్పుకీ 9, 10 థౌ సాగుతూ, ప్రతి సైజింగ్‌కీ, అంటే డైలో నొక్కినప్పుడల్లా, మళ్ళీ వెనక్కి నొక్కించుకుంటూ ఉంటే ఆ చోట గోడ పలచబడి లోపల గాడి పడుతుంది. బయట మెరిసే గీత కనిపిస్తుంది. ఆ తర్వాత అడుగు ఊడుతుంది. నావి ఐదో కాల్పుకే ఆ స్థితికి వచ్చాయి.

పీడనం తక్కువున్న తూటాల్లో దీనికో విచిత్రం ఉంది. అడుగుని వెనక్కి తోసేంత బలం ఉండదు కాబట్టి కేసు సాగదు, ప్రైమర్ ఒక్కటే వెనక్కి జారి బయటికి పొడుచుకుని ఉండిపోతుంది. .30-30లో ఇది తరచుగా కనిపిస్తుంది. చూసి భయపడేవాళ్ళుంటారు. నిజానికి ఆ పొడుచుకున్న ఎత్తే మీ సందు ఎంతో చెబుతుంది.

1. ముందు రైఫిల్‌ని అనుమానం నుంచి తప్పించండి

రైఫిల్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. ఆ గదిలో నిజమైన తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్ భాగం, ఎజెక్టర్ (కేసుని బయటికి విసిరేది) తీసేయండి. ఛాంబర్‌ని తుడవండి. చిన్న ఇత్తడి పొట్టు ఉన్నా కొలత తప్పుతుంది.

.308కి గో గేజ్ 1.630, నో-గో 1.634, ఫీల్డ్ 1.638 అంగుళాలు. గో పెడితే బోల్ట్ మూసుకోవాలి. నో-గో పెడితే మూసుకోకూడదు. పిడిని ఒక్క వేలితో నెట్టండి, అంతకంటే బలం వాడితే గేజ్ పాడవుతుంది, మీరు తెలుసుకునేదీ ఏమీ ఉండదు. నో-గో మీద మూసుకుందంటే గన్‌స్మిత్‌ని అడగాల్సిన సమయం. ఫీల్డ్ మీద కూడా మూసుకుంటే ఆ రైఫిల్ కాల్చకండి.

నో-గో కొనలేదా? గో గేజ్ అడుగున పారదర్శక టేపు ముక్క గుండ్రంగా కత్తిరించి అంటించండి. ఒక పొర సుమారు 2 థౌ ఉంటుంది, మీ టేపుని మైక్రోమీటరుతో ముందే కొలుచుకోండి. ఎన్ని పొరలకి బోల్ట్ పిడి బిగుసుకోవడం మొదలైందో చూస్తే అంచనా దొరుకుతుంది. అంచనాయే సుమా, గేజ్‌కి సాటిరాదు.

2. కాల్చిన కేసుని కొలవండి

మీ ఛాంబర్ ఎంత ఉందో గేజ్ కంటే మీ సొంత కాల్చిన కేసే బాగా చెబుతుంది. దీనికి కాలిపర్‌కి తగిలించి భుజం దాకా కొలిచే కంపారేటర్ కావాలి. హార్నడీ సెట్‌లో .223కి 0.330 బుషింగ్, .30-06కి 0.375, .308కి 0.400 వాడతారు. ఆర్‌సీబీఎస్ వాళ్ళ ప్రెసిషన్ మైక్ ఒక్కో తూటాకి ఒక్కోటి కొనాలి, కానీ చదవడం తేలిక. ఇవేవీ లేకపోతే, భుజం మధ్యలో కూర్చునేంత రంధ్రం ఉండి రెండు ముఖాలూ చదునుగా ఉన్న ఇనుప బిళ్ళయినా పనికొస్తుంది. మనకు కావలసింది కాల్చకముందుకీ కాల్చాకకీ, సైజు చేయకముందుకీ చేశాకకీ ఉన్న తేడా. అసలు అంకె ఎంతన్నది అంత ముఖ్యం కాదు. ఇద్దరి కంపారేటర్లు ఒకే కేసుని 3 థౌ తేడాతో చూపించడం మామూలే, అందుకే పక్కవాడి అంకెని తెచ్చి మీ డైకి పెట్టకండి.

కొలిచే ముందు ప్రైమర్ ఊడదీయండి. పిన్ దెబ్బకి దాని చుట్టూ లేచిన అంచు 2, 3 థౌ అబద్ధం చెప్పిస్తుంది. ఊడదీయడానికి విడిగా డీక్యాపింగ్ డై వాడండి, సైజింగ్ డైలోకి తోస్తే కొలవాల్సిన భుజమే మారిపోతుంది. కేసు మూతి గుంట పడినవి పక్కన పెట్టి కనీసం ఐదింటిని కొలవండి.

ఒకసారి మాత్రమే కాల్చిన కేసు ఛాంబర్‌ని పూర్తిగా నింపకపోవచ్చు. రెండు మూడుసార్లు కాల్చి, మధ్యలో మెడ మాత్రమే సైజు చేసినవి అసలు కొలత ఇస్తాయి. బోల్ట్ కాస్త గట్టిగా మూసుకోవడం మొదలైందంటే కేసు ఛాంబర్ అంత అయిందన్నమాట. సెమీ ఆటోమేటిక్‌లో ఈ సూత్రం పనిచేయదు. అక్కడ లోపల ఇంకా పీడనం మిగిలి ఉండగానే ఎక్స్‌ట్రాక్టర్ కేసుని లాగేస్తుంది, భుజం ఛాంబర్ కంటే పొడవుగా బయటికి రావచ్చు.

నా రైఫిల్‌లో కాల్చిన కేసులు ఐదూ 1.633 దగ్గర నిలిచాయి. అదే కేసుల్ని నా పాత డై అమరికలో సైజు చేస్తే 1.624 వచ్చింది. కాలిపర్ చూసి కాసేపు మాట రాలేదు.

3. డైని అమర్చడం

చాలా డైల కాగితాల్లో ఒకటే మాట: షెల్ హోల్డర్‌ని (కేసు అడుగుని పట్టి ఉంచే ముక్కని) తాకేదాకా దించి, పైన ఇంకో ఎనిమిదో వంతో పావు వంతో తిప్పమని. దాని వెనక ఉద్దేశం మంచిదే. ఏ రైఫిల్‌లోనైనా పట్టే తూటా తయారవుతుంది. కానీ మీకు కావలసింది మీ రైఫిల్‌లో పట్టే తూటా.

డై మీద మరలు అంగుళానికి 14. అంటే ఒక పూర్తి చుట్టుకి 71 థౌ. ఎనిమిదో వంతుకి 9 థౌ. 10 డిగ్రీలకి 2 థౌ. ఈ లెక్క గోడ మీద రాసి పెట్టుకోండి. డై మీదా, దాన్ని బిగించే ప్రెస్ మీదా మార్కర్‌తో చిన్న గీతలు గీసుకుంటే పని సగం అయినట్టే.

ముందుగా డైని షెల్ హోల్డర్‌కి తాకించి, అక్కడినుంచి అర చుట్టు వెనక్కి విప్పండి. కాల్చిన కేసుకి పలచగా లూబ్ (డైలో ఇరుక్కోకుండా జారేలా చేసే పూత) పూయండి. భుజం మీద లూబ్ పోగుపడితే దొప్పల్లాంటి గుంటలు పడతాయి. సైజు చేయండి, తుడవండి, కొలవండి.

మొదటిసారి ఇక్కడే చాలామంది కంగారు పడతారు. నా కేసు 1.633 ఉండాల్సింది 1.635 చూపించింది. భుజం వెనక్కి వెళ్ళకపోగా ముందుకు జరిగింది! డై కేసు ఒళ్ళుని నాలుగు వైపులా నొక్కినప్పుడు ఇత్తడికి పోయే దారి ముందుకే కాబట్టి అలా జరుగుతుంది. భుజం ఇంకా డై పైభాగాన్ని తాకలేదన్నమాట. కొంచెం కొంచెంగా దించుతూ పోయాను, 1.636. మళ్ళీ దించాను, 1.634. ఇప్పుడు డై భుజాన్ని పట్టుకుంది. ఇక్కణ్ణుంచి 5 డిగ్రీల చొప్పున మాత్రమే కదపాలి. 1.6315 దగ్గర ఆగాను, డైని కదలకుండా పట్టే లాక్ రింగ్ బిగించాను. బిగించేటప్పుడు డై కొద్దిగా తిరుగుతుంది. అందుకే ర్యామ్ (కేసుని డైలోకి తోసే ప్రెస్ కడ్డీ) పైకెత్తి, డైలో కేసు ఉండగానే బిగించాలి, ఆ తర్వాత మరో కేసుతో సరిచూడాలి.

ఎంత వెనక్కి నొక్కాలంటే, బోల్ట్ రైఫిల్‌కి 1 నుంచి 2 థౌ, సెమీ ఆటోమేటిక్‌కి 3 నుంచి 5 థౌ. సెమీ ఆటోలో బోల్ట్ పూర్తిగా మూసుకోకుండా పేలడం కేసు చిరిగిపోవడం కంటే పెద్ద ప్రమాదం. అక్కడ ఇత్తడి ఆయుష్షు కోసం పిసినారితనం పనికిరాదు.

డైని కదపడం విసుగనిపిస్తే రెడింగ్ కాంపిటీషన్ షెల్ హోల్డర్ల సెట్ ఉంది. మామూలు షెల్ హోల్డర్ ఎత్తు 0.125 అంగుళం. ఆ సెట్‌లో 2 థౌ నుంచి 10 థౌ దాకా రెండేసి థౌ ఎక్కువ ఎత్తున్నవి ఐదుంటాయి. డైని గట్టిగా తాకించి ఉంచి షెల్ హోల్డర్ మారుస్తూ పోవడమే.

అన్నీ సరిగ్గా ఉన్నా కొలతలు ఒక్కో కేసుకీ 3 థౌ ఊగుతున్నాయంటే మూడు చోట్ల వెతకండి. లూబ్ ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ పడిందా? కేసులు ఒకటి రెండోసారి, ఒకటి ఏడోసారి కాల్చినవి కలిసిపోయాయా? గట్టిపడిన ఇత్తడి ఎక్కువగా వెనక్కి ఎగుస్తుంది. ఎక్స్‌పాండర్ గుండు (డై లోపల మెడని తగినంత వెడల్పు చేసేది) పొడిబారిన మెడలోంచి కీచుమంటూ బయటికి వస్తోందా? అది భుజాన్ని కూడా తనతో పాటు ముందుకు లాగేస్తుంది. ఈ మూడోది నన్ను ఒక సాయంత్రమంతా తిప్పలు పెట్టింది. మెడ లోపల కాస్త లూబ్ తగిలించగానే అంకెలు కుదురుకున్నాయి. ర్యామ్ పైకి వెళ్ళాక మూడు నాలుగు సెకన్లు అలాగే పట్టి ఉంచడం కూడా మేలు చేస్తుంది.

4. బోల్ట్‌తో సరిచూడడం

ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసిన బోల్ట్‌తో, సైజు చేసిన ఖాళీ కేసు పెట్టి మూయండి. పిడి తన బరువుకి తానే దిగాలి. కాల్చిన, సైజు చేయని కేసు పెడితే చివర్లో ఏదో అడ్డుకున్నట్టు తెలియాలి. ఈ రెండింటి తేడా ఒకసారి చేతికి తెలిస్తే, కాలిపర్ తప్పు చెప్పినా చెయ్యి పట్టేస్తుంది.

ఇది మందూ ప్రైమరూ లేని కేసుతో చేసే పని. నింపిన తూటాతో ఇంట్లో బోల్ట్ మూసి చూడడం అనే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

5. పొడవు కత్తిరించడం

సాగిన ఇత్తడిలో కొంత మెడలోకి చేరుతుంది. కేసు మొత్తం పొడవు పెరుగుతుంది. సైజు చేశాకే కొలవాలి, ముందు కాదు. .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, కత్తిరించాల్సింది 2.005కి. .223కి 1.760, 1.750. .30-06కి 2.494, 2.484. గరిష్ఠం దాటితే మూతి ఛాంబర్ చివర ఉన్న ఏటవాలులోకి దూరి, తూటా కొసన ఉండే బుల్లెట్‌ని చుట్టూ బిగబట్టేస్తుంది. బుల్లెట్ వదులుగా జారడానికి చోటుండదు, పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. కత్తిరించాక లోపలా బయటా అంచు గీరడం మరవకండి.

పొడవు తరచుగా కత్తిరించాల్సి వస్తోందంటే అదీ ఒక హెచ్చరికే. ఆ ఇత్తడి ఎక్కడో వెనక గోడలోంచి వచ్చింది.

6. పేపర్ క్లిప్ పరీక్ష

పేపర్ క్లిప్‌ని తిన్నగా చేసి, కొసని 2 మి.మీ. మేర లంబంగా వంచి, ఆ మొనని ఆకురాయితో పదును పెట్టండి. కేసు లోపల అడుగు దాకా దించి, మొనని గోడకి ఆనించి, మెల్లగా పైకి లాగండి. అడుగు దిట్టం ముగిసి గోడ మొదలయ్యే చోట, బయటినుంచి చూస్తే అడుగు నుంచి 6, 7 మి.మీ. ఎత్తులో, మొన గుంటలో పడినట్టు తెలిసిందంటే గాడి పడింది. ఆ కేసు పని అయిపోయింది. కొత్త కేసు గోడ మీద ముందు ఒకసారి లాగి చూసుకుంటే, ఆ ఏటవాలు ఎలా ఉండాలో వేలికి తెలుస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఒక కేసుని నిలువునా రంపంతో కోయండి. నేను నా పాత గుట్టలోంచి ఒకటి కోశాను. బయట సన్నటి వెంట్రుకంత మెరుపు గీత. లోపల ఆ చోటే, గోరు ఆగేంత లోతుగా చుట్టూ తిరిగిన గాడి. గోడ మందం సగం కూడా మిగల్లేదు. ఆ సగం ముక్క ఇప్పటికీ ప్రెస్ పక్కన మేకుకి వేలాడుతోంది.

బయట కనిపించే ప్రతి గీతా ప్రమాదం కాదు. డై ఎక్కడి దాకా నొక్కిందో అక్కడ కూడా ఒక మెరుపు పట్టీ ఏర్పడుతుంది. ఆ రెంటి తేడా చెప్పేది క్లిప్ మాత్రమే.

అంచు, బెల్టు ఉన్నవాటి సంగతి

.303 బ్రిటిష్‌కి హెడ్‌స్పేస్ అంచు మీద, 0.064 అంగుళం దగ్గర మొదలవుతుంది. సైనిక వాడకంలో 0.074 దాకా అనుమతించారు. ఆ లీ-ఎన్‌ఫీల్డ్ ఛాంబర్లని బురదలోనూ దుమ్ములోనూ పనిచేయాలని భుజం దగ్గర ఉదారంగా తొలిచారు. నంబర్ 4 రైఫిల్‌కి 0 నుంచి 3 దాకా అంకెలున్న బోల్ట్ తలలు మార్చి అంచు దగ్గరి ఖాళీని సరిచేసేవారు, భుజం దగ్గరి ఖాళీ మాత్రం అలాగే ఉండేది. కాబట్టి మొదటి కాల్పు తర్వాత ఆ కేసుని భుజం మీద ఆగేదానిలాగే చూడండి: పైన చెప్పినట్టే కొలిచి, 1, 2 థౌ మాత్రమే వెనక్కి. కొత్త కేసుని మొదటిసారి కాల్చేటప్పుడు అంచు ముందు సన్నటి రబ్బరు రింగు తొడిగి అడుగుని బోల్ట్‌కి ఆనించి ఉంచే పద్ధతీ ఉంది.

బెల్టువాటికీ అదే విరుగుడు. బెల్టుని మరిచిపోయి భుజాన్ని పట్టుకోండి. వాటిలో చిరుగు బెల్టుకి కొద్దిగా పైన వస్తుంది.

చిన్నవే కానీ ముఖ్యమైనవి

నింపిన తూటా మీద లూబ్ మిగలకూడదు, ఛాంబర్‌లో నూనె ఉండకూడదు. 'నూనె ఉంటే గోడ అతుక్కోదు, సాగదు కదా' అని తెలివిగా అడిగేవాళ్ళున్నారు. నిజమే, కానీ గోడ పట్టుకోకపోతే ఆ తోపంతా బోల్ట్ లగ్‌ల (బోల్ట్‌ని మూసి పట్టి ఉంచే దంతాల) మీద పడుతుంది.

మెడ, భుజం గట్టిపడితే ఎనీలింగ్ (వేడి చేసి మెత్తబరచడం) చేయవచ్చు. అడుగుభాగానికి వేడి తగలనివ్వకండి. మెత్తబడిన అడుగు పీడనం ముందు నిలవదు. ఎనీలింగ్ మెడ పగలకుండా కాపాడుతుంది, గోడ లోపల పడిన గాడిని మాత్రం పూడ్చదు.

అడుగు ఊడి గొట్టం ఛాంబర్‌లో చిక్కుకుంటే స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. విరిగిన కేసుని లాగే సాధనం ఒక్కో తూటాకి విడిగా దొరుకుతుంది. అది లేనప్పుడు, ఛాంబర్ వైపునుంచి కాస్త పెద్ద సైజు కంచు బ్రష్‌ని గొట్టంలోకి తోసి వెనక్కి లాగితే ముళ్ళు మూతికి తగులుకుని చాలాసార్లు గొట్టం వెంట వస్తుంది. నాకు రెండో ప్రయత్నంలో వచ్చింది.

కేసుల్ని కాల్చిన లెక్క ప్రకారం విడివిడి పెట్టెల్లో ఉంచి, పెట్టె మీద ఎన్నోసారి, ఎంత కొలత అన్నది రాసుకోండి. ఒకే గుట్టలో ఒక కేసుకి గాడి దొరికితే ఆ గుట్ట మొత్తం వదిలేస్తాను, నాకు అందులో బేరాల్లేవు. పారేసే ముందు ప్రతి కేసు మూతినీ కటింగ్ ప్లేయర్‌తో నొక్కి చప్పిడి చేస్తాను. అలా చేయని రోజుల్లో ఒకటి రెండు తిరిగి మంచి పెట్టెలోకి చేరిపోయేవి.